గడ్డలో వెంట్రుకలు, పళ్లు ఉంటే క్యాన్సరేనా?

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. రెండు నెలలుగా పొత్తికడుపులో కుడివైపు నొప్పి వచ్చి పోతోంది. స్కానింగ్ చేయిస్తే కుడి అండాశయంలో 6 సెంటీమీటర్ల డెర్మాయిడ్ గడ్డ ఉందన్నారు. రక్తపరీక్షలో సీఏ-125 విలువ 48 వచ్చింది. గడ్డలో వెంట్రుకలు, పళ్లు ఉండొచ్చని డాక్టర్ చెప్పినప్పటి నుంచి మా అత్తగారు ఎవరో ఏదో చేయించారని అంటున్నారు. ఇది క్యాన్సరా? మందులతో కరగదా? ఆపరేషన్ చేస్తే పిల్లలు పుడతారా? సంబంధాలు చూస్తున్నాం, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఓ తల్లి, నల్గొండ

జవాబు: ముందు మీ అత్తగారి మాటకే వస్తానమ్మా. పాపం ఆవిడను తప్పు పట్టలేం. ఈ గడ్డను కోస్తే లోపల ఉండలు చుట్టుకున్న జుట్టు, పేరిన నెయ్యిలాంటి కొవ్వు, ఒక్కోసారి పన్ను కూడా కనిపిస్తాయి. మొదటిసారి చూస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. కానీ ఇది ఎవరో చేయించింది కాదు. అండాశయంలో అండాలుగా మారే కణాలు ఉంటాయి. చర్మం, జుట్టు, ఎముక ఏదైనా తయారుచేయగల శక్తి వాటికి పుట్టుకతోనే ఉంటుంది. అలాంటి కణం ఒకటి దారి తప్పి, తనంతట తాను పెరగడం మొదలుపెడితే వచ్చేదే డెర్మాయిడ్. ‘పెళ్లికాని పిల్ల కడుపులో పళ్లేమిటి’ అని ఎవరైనా గుసగుసలాడితే గట్టిగానే చెప్పండి, దీనికీ గర్భానికీ ఏ సంబంధమూ లేదని. చిన్నపిల్లల్లో కూడా ఇది కనిపిస్తుంది.

ఇక క్యాన్సర్ సంగతి. రిపోర్టులో ‘ట్యూమర్’ అన్న మాట కనిపించగానే చాలామంది హడలిపోతారు. ట్యూమర్ అంటే గడ్డ, అంతే. అది ఎలాంటిదన్నది అండాశయంలో ఏ కణం నుంచి పుట్టిందన్న దాన్నిబట్టి ఉంటుంది. పైపొర నుంచి పుట్టేవే ఎక్కువ. వాటిలో మామూలు గడ్డలూ ఉంటాయి, మధ్యరకంవీ ఉంటాయి, పెద్ద వయసు ఆడవాళ్లలో మనం భయపడే అండాశయ క్యాన్సర్ కూడా ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది. రెండో రకం, హార్మోన్లు తయారుచేసే కణాల నుంచి వచ్చేవి. ఇవి గడ్డగా కంటే వింత లక్షణాలతో బయటపడతాయి. ముట్లుడిగిన పదేళ్లకు మళ్లీ రక్తస్రావం కావడం, గొంతు బొంగురుపోయి గడ్డం మీద వెంట్రుకలు రావడం లాంటివి. మూడోది అండకణాల నుంచి పుట్టే రకం. మీ అమ్మాయిది ఇదే. యువతుల్లో కనిపించే అండాశయ గడ్డల్లో డెర్మాయిడ్ చాలా మామూలు. అది క్యాన్సర్‌గా మారడం నూటికి ఒకటి రెండు కేసుల్లోనే, అదీ ఎక్కువగా 45 ఏళ్లు దాటినవాళ్లలో.

సీఏ-125 అంటే అండాశయ క్యాన్సర్ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్. ఇది మామూలుగా 35 లోపు ఉండాలి. మీ అమ్మాయికి 48 వచ్చిందని నేనైతే కంగారు పడను. ఈ వయసులో అది చాలా కారణాలతో పెరుగుతుంది. నెలసరి రోజుల్లో రక్తం ఇచ్చినా, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) ఉన్నా, ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో వచ్చే మామూలు గడ్డలు) ఉన్నా పెరుగుతుంది. మన దగ్గర కడుపులో టీబీ వచ్చిన వాళ్లలో వందలు దాటడం, క్యాన్సరేమోనని ఇంటిల్లిపాదీ ఏడ్చాక చివరికి టీబీ మందులతో నయం కావడం కూడా ఉంది. స్కానింగ్‌లో గట్టి భాగాలు, గోడ లోపల మొలకల్లాంటివి, వాటిలో రక్తప్రసరణ, కడుపులో నీరు ఉన్నాయేమో చూడాలి. అలాంటివేమైనా రాసి ఉంటే ఈ వయసులో సీఏ-125 కన్నా అండకణాల నుంచి పుట్టే క్యాన్సర్లను పట్టిచ్చే ఏఎఫ్‌పీ, ఎల్‌డీహెచ్, బీటా హెచ్‌సీజీ అనే రక్తపరీక్షలే ఎక్కువ ఉపయోగం.

మందులతో కరగదమ్మా. నెలసరి తేడాతో వచ్చే నీటిబుడగలు రెండు మూడు నెలల్లో వాటంతట అవే పోతాయి. వాటికి ఇచ్చిన మందుకు పేరొస్తుంది. డెర్మాయిడ్ అలా పోదు. సూది గుచ్చి లాగేద్దామని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి, లోపలి కొవ్వు కడుపులో పడితే వాపు వస్తుంది. 6 సెంటీమీటర్లు ఉండి నొప్పి కూడా ఉంది కాబట్టి లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌తో, తీయించడమే మంచిది. ఒక్క మాట మాత్రం డాక్టర్‌ను ముందే అడగండి: ‘గడ్డను మాత్రమే ఒలిచి అండాశయం ఉంచుతారా?’ ఈ వయసులో సాధారణంగా అలాగే చేస్తారు. ఒకవేళ కుడివైపుది తీసేయాల్సి వచ్చినా, ఎడమది బాగుంటే నెలసరీ వస్తుంది, పిల్లలూ పుడతారు. నూటికి పదిమందికి పైగా రెండువైపులా ఈ గడ్డ ఉంటుంది కాబట్టి ఎడమవైపు కూడా జాగ్రత్తగా చూడమనండి.

పెళ్లయ్యాక చూద్దామని మాత్రం వాయిదా వేయకండి. నాకు క్యాన్సర్ కన్నా అండాశయం మెలిక పడుతుందనే భయం ఎక్కువ. బరువైన గడ్డ వల్ల అండాశయం తిరగబడి రక్తప్రసరణ ఆగిపోతుంది. ఇప్పుడు వచ్చి పోతున్న నొప్పి కూడా కొంచెం మెలిక పడి విడిపోవడం వల్ల కావచ్చు. ఒక్కసారిగా భరించలేని నొప్పి, వాంతులు మొదలైతే గ్యాస్ అనుకుని ఈనో తాగించి పడుకోబెట్టకండి. రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లండి. గంటల్లో వెళ్తే మెలిక విప్పి అండాశయాన్ని దక్కించుకోవచ్చు.

తీసిన గడ్డను బయాప్సీకి పంపారో లేదో కనుక్కుని, ఆ రిపోర్టు భద్రంగా దాచండి. కొందరిలో ఇది మళ్లీ వస్తుంది కాబట్టి ఏడాదికోసారి స్కానింగ్ చేయించండి.