తమ్ముడు మొదటిసారి దుబాయ్ వెళ్తున్నాడు, సామానులో ఏమేం పెట్టాలి?

వచ్చే వారమే ప్రయాణం, ఏమేం సర్దాలో చెప్పండి అని అడిగారు. ఏం పెట్టాలో చెప్పడానికి మీ ఇంట్లోనే పదిమంది ఉంటారు. ఏం పెట్టకూడదో నేను చెప్తాను. మాది జగిత్యాల దగ్గర పల్లె. షార్జాలో ఏసీ డక్టుల పని తొమ్మిదేళ్లు చేసి వచ్చాను.

ముందు ఒక్కటి. బ్యాగు అతనే సర్దుకోవాలి. అమ్మ కాదు, వదిన కాదు, మీరు కూడా కాదు. అక్కడ కస్టమ్స్‌లో ఆపితే జవాబు చెప్పుకోవాల్సింది అతనొక్కడే.

2016లో సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నాను. తెల్లవారితే శంషాబాద్‌లో ఫ్లైటు. రాత్రి ఎనిమిదింటికి పక్కింటి పెద్దమ్మ ఒక మూట పట్టుకొచ్చింది. ఆమె కొడుకు అజ్మాన్‌లో లేబర్ క్యాంపులో ఉండేవాడు. తెల్ల గుడ్డలో చుట్టి, దబ్బనంతో నాలుగు వైపులా కుట్టి, పైన కొడుకు పేరు స్కెచ్ పెన్నుతో రాయించింది. "సకినాలు, తొక్కు, మసాలా. గంతే కొడుకా" అంది.

నేను బ్లేడు తెచ్చి కుట్లు విప్పడం మొదలుపెట్టాను. పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. "ఏంది కొడుకా, నేనేమన్న విషం పెట్టిన్నా?" అంది. మా అమ్మ కూడా నన్నే తిట్టింది. అయినా ఆపలేదు. సకినాల డబ్బా తీశాను, తొక్కు సీసా తీశాను. వాటి కింద పేపర్లో కట్టిన గసగసాలు, పావు కిలో ఉంటాయి. మటన్‌లో వేసుకుంటాడని పెట్టిందట. మన వంటింట్లో అది మసాలా దినుసు. దుబాయ్, షార్జా, అజ్మాన్ అన్నీ ఉన్న యూఏఈ దేశంలో అది నిషేధం, మత్తుమందుల కిందికి వస్తుంది. సౌదీలోనూ అంతే.

అదొక్కటే కాదు. సకినాల డబ్బా మూత తీస్తే లోపల ప్లాస్టిక్ కవర్లో రెండు ట్యాబ్లెట్ షీట్లు. కొస కత్తిరించి ఉంది, పేరు సగమే కనపడుతోంది. మందుల షాపు అతనికి ఫోన్ చేసి అడిగితే నొప్పి మాత్రలు, ట్రమడాల్ అన్నాడు. కొడుక్కి నడుము నొప్పి. పరంజా మీద పని. అక్కడ డాక్టర్ దగ్గరికి పోతే ఒకరోజు జీతం పోతుందని అమ్మని పంపమన్నాడు. చీటీ లేదు, బిల్లు లేదు. "షాపుల కొన్నవే కదరా, దొంగ సరుకా?" అని ఆమె ఏడ్చింది. తప్పు ఆమెది కాదు. చీటీ లేకుండా అలాంటి మందు చేతిలో పెట్టినవాడిది. ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు మందులు అక్కడ కంట్రోల్డ్ లిస్టులో, అంటే అనుమతి లేకుండా తేకూడని మందుల లిస్టులో ఉంటాయి. నిజంగా అవసరమైతే డాక్టర్ చీటీతో అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. బీపీ, షుగర్ మాత్రలైనా సరే, షీటు కత్తిరించకుండా, కంపెనీ డబ్బాతో, చీటీతో పెట్టుకోమనండి.

సకినాలు, తొక్కు మాత్రం అజ్మాన్ వెళ్లి ఇచ్చి వచ్చాను. ఆ రాత్రి కుట్లు విప్పకపోతే నేను ఎక్కడ ఉండేవాణ్నో ఇప్పటికీ తలచుకుంటే గుండె దడదడలాడుతుంది. ఆ తర్వాత ఎవరి మూటా విప్పి చూడకుండా తీసుకెళ్లలేదు. దానికి ఇద్దరు చుట్టాలు మాట్లాడడం మానేశారు. మానేయనీ.

ఇంకో సంగతి. సామాను గురించి అడిగారు గానీ వీసా ఏ రకమో రాయలేదు. నాకు అసలు భయం అక్కడే. మా ఊళ్లల్లో ఏజెంట్లు విజిట్ వీసా మీద ఎక్కించి "అక్కడికి పోయాక మారుస్తారు" అంటారు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. గడువు దాటితే రోజురోజుకీ జరిమానా పెరుగుతుంది, మనిషి ఖల్లివల్లి, అంటే కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాడు అయిపోతాడు, ఇంటికి రావాలన్నా రాలేడు. మా రూములో అలాంటివాళ్లు ఇద్దరు ఉండేవాళ్లు. పోలీస్ బండి సౌండ్ వినపడితే అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయేవాళ్లు.

తమ్ముడు పది పాస్ కాలేదా? పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని గుర్తు) అని ఉందా? అయితే పనికి వెళ్లేముందు మన ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్ తప్పనిసరి. దాంతో పాటే ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 10 లక్షలు. విజిట్ వీసా మీద పంపేవాడు ఈ రెండూ లేకుండా చేస్తాడు. ఏజెంటు పేరు కూడా ఈ-మైగ్రేట్ లిస్టులో ఉందో లేదో చూడండి. లైసెన్స్ ఉన్నవాడు సర్వీస్ చార్జీ కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లక్షన్నర అడిగాడంటే అక్కడే లేచి వచ్చేయండి.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాగితం ఫోటోలు మీ ఫోన్లో కూడా ఉంచుకోండి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టం ఒప్పుకోదు. అయినా అడుగుతారు, అందుకే ఫోటో. ఏదైనా కష్టం వస్తే యూఏఈలో ఉన్న మనవాళ్లకు 80046342 అని టోల్ ఫ్రీ నంబరు ఉంది, 24 గంటలూ ఎత్తుతారు. ఫోన్ పోయినా పనికొచ్చేలా కాగితం మీద రాసి పర్సులో పెట్టించండి.

ఈ రాత్రికి వీసా చూసి ఏ రకమో ఇక్కడ రాయండి. బ్యాగు ఇప్పటికే సర్దేసి ఉంటే మళ్లీ విప్పి, తమ్ముడి చేతే ఒక్కొక్కటీ చాప మీద పెట్టించండి.