సమురాయ్ కి టయోటా ఆక్సిళ్ళు వేసే ముందు మా కిట్టూకి

ఒరేయ్ కిట్టూ,

నీ మెసేజ్ చూశాను. సమురాయ్ (సుజుకీ వాడి చిన్న జీపు) కొన్నావని మీ అమ్మ చెప్పినప్పుడే అనుకున్నా వీడు స్టాక్ బండితో, అంటే కంపెనీ ఇచ్చిన బండితో, ఆగడు అని. ఇప్పుడు పాత టయోటా పికప్ ఆక్సిళ్ళు (చక్రాలు ఉండే ఇరుసులు) ముందుదీ వెనకదీ సెట్టుగా దొరుకుతున్నాయి తీసుకోనా మావయ్యా అంటున్నావు. తీసుకోవచ్చు, మంచి ఆలోచనే, ఆ బండికి ఇక్కడ అమెరికాలో జనం ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనే. కానీ డబ్బులు చేతిలో పెట్టే ముందు ఇదంతా ఒకసారి చదువు.

మొట్టమొదట టైరు సంగతి తేల్చుకో. ఎంత గట్టి ఆక్సిల్ కావాలో చెప్పేది టైరే. సమురాయ్ కి కంపెనీ ఇచ్చింది 205/70 ఆర్ 15, అంటే ఎత్తు 26 అంగుళాల పైచిలుకు, బండి బరువు టన్నుకి అటూ ఇటూ, సుజుకీ వాడు ఆ లెక్కకే ఆక్సిల్ చేశాడు, ఆ లెక్కలో అది చాలా మంచి ఆక్సిల్. మన దగ్గర జిప్సీ కూడా ఈ కుటుంబం బండే కదా, కొండల్లో అడవుల్లో ఎన్నేళ్ళు తిరిగాయో చూశావుగా. నువ్వు 31 దగ్గర ఆగేట్టయితే ఆక్సిళ్ళు మార్చకు, ఉన్నవాటికే క్రోమోలీ (గట్టి రకం ఉక్కు) షాఫ్టులు వేసి, ఆ మిగిలిన డబ్బుతో ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ జోరుని ముందు, వెనక ఆక్సిళ్ళకి పంచే పెట్టె) లోపల లో గేర్ మార్పించు, బండి నడిచే తీరే మారిపోతుంది. 33 వెయ్యాలి, లాకర్ (రెండు పక్కల చక్రాలూ కలిసి తిరిగేట్టు చేసేది) పెట్టాలి, గ్రానైట్ రాళ్ళ మీదకి ఎక్కించాలి అంటే మాత్రం సుజుకీ క్రౌన్ పినియన్ (ఆక్సిల్ లోపల ఉండే పళ్ళ చక్రాల జత) తట్టుకోదు, అప్పుడు టయోటాకి వెళ్ళాల్సిందే.

ఇంకో మాట ఇప్పుడే చెప్పేస్తా, ఎందుకంటే మిగతా ఉత్తరం అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. నువ్వు ఒక చోట బలం పెంచితే విరగడం ఆగిపోదురా, పక్కదానికి పోతుంది. ఇన్నాళ్ళూ షాఫ్ట్ విరిగేది, బండి అక్కడే ఆగేది, విన్చ్ (తాడుతో బండిని లాగే మోటారు) వేసి లాక్కొచ్చుకునేవాళ్ళు, అంతే. షాఫ్ట్ గట్టిదైతే ఆ జోరు వెళ్ళి ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఆక్సిల్ కి జోరు అందించే పొడుగు రాడ్) చివర ఉండే క్రాస్ జాయింట్ మీదో, ట్రాన్స్‌ఫర్ కేస్ మౌంట్ మీదో, స్టీరింగ్ రాడ్ మీదో పడుతుంది. క్రాస్ పోతే పర్లేదు. స్టీరింగ్ పోకూడదు, బ్రేక్ పోకూడదు. ఏది విరిగితే నడిచి ఇంటికి రాగలమో అదే ముందు విరిగేట్టు బండి కట్టుకోవాలి.

సరే, కొనడం దగ్గరికి వద్దాం. ముందు ఆక్సిల్ 1979 నుంచి 85 దాకా వచ్చిన పికప్ ది అయ్యుండాలి, లేదా 84, 85 ఫోర్‌రన్నర్ ది, ఎందుకంటే 86 నుంచి టయోటా ముందు వైపు సాలిడ్ ఆక్సిల్ (రెండు చక్రాలకీ కలిపి ఒకే ఇరుసు) తీసేసి ఏ చక్రానికి ఆ చక్రం కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెట్టింది. వెనకది 95 దాకా ఏదైనా పనికొస్తుంది, కానీ చూస్కో, 86 తర్వాత వచ్చిన వెనక ఆక్సిల్ పాతదానికన్నా 3 అంగుళాలు వెడల్పు. పాత ముందుదానికి కొత్త వెనకది కలిపితే ముందు ఒక్కో వైపు అంగుళంన్నర లోపలికి ఉంటుంది, దానికి మళ్ళీ స్పేసర్లో, హబ్బులు మార్చడమో. అమ్మేవాడు ఈ ముక్క చెప్పకపోవచ్చు, టేపు నువ్వే తీసుకెళ్ళు. ఎలాగూ సుజుకీ కన్నా ఇవి వెడల్పే, ఫెండర్ బయటికి టైరు వస్తుంది, పక్కకి వాలిన చోట బండి గట్టిగా నిలబడుతుంది కాబట్టి నాకది నచ్చుతుంది. వీల్ బోల్టులు సుజుకీకి 5, టయోటాకి 6, అంటే రిమ్ములు మొత్తం కొత్తవి, స్టెప్నీ కూడా లెక్కలో పెట్టుకో, చాలామంది మర్చిపోయేది దాన్నే.

అక్కడికి వెళ్ళాక ముందు ఆక్సిల్ చివర్లలో గుండ్రంగా బంతిలా ఉండే నకుల్ దగ్గర కూర్చుని చూడు. బంతి మీద సన్నగా గ్రీజు పొర ఉంటే మంచిదే, ఉండాలి కూడా. అలా కాకుండా నల్లటి జావ లాగా కారుతూ, వేలితో తీస్తే పల్చగా జారిపోతూ, ముక్కు దగ్గర పెడితే గేర్ ఆయిల్ కంపు కొడితే లోపలి ఆక్సిల్ సీల్ పోయిందన్నమాట, డిఫ్ (డిఫరెన్షియల్, క్రౌన్ పినియన్ ఉండే చోటు) లో ఆయిల్ నకుల్ లోకి వచ్చి గ్రీజుని కరిగించేసింది. సీల్ ఖరీదు పెద్దదేం కాదు కానీ ఆ జావలో బర్ఫీల్డ్ జాయింటూ (ముందు చక్రం పక్కకి తిరిగినా జోరు అందించే జాయింట్), బేరింగులూ ఎన్నాళ్ళు తిరిగాయో ఎవడికి తెలుసు, అందుకని అది చూపించి ధర తగ్గించు, రీబిల్డ్ కిట్టు మాత్రం ఎలా ఉన్నా కొనాల్సిందే. బంతి మీద తుప్పు గుంటలు పడి ఉంటే ఎన్ని కొత్త సీళ్ళు వేసినా కారుతూనే ఉంటుంది, ఆ ఆక్సిల్ వదిలేయ్.

గేర్ రేషియో ఎంత అని అడిగితే నోటికొచ్చింది చెప్తారు, నువ్వు లెక్కపెట్టు. ఒక పక్క డ్రమ్ము కదలకుండా పట్టుకుని రెండో పక్కది సరిగ్గా రెండు చుట్లు తిప్పు, పినియన్ ఫ్లాంజ్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే బిళ్ళ) మీద సున్నంతో గీత పెట్టుకుని అది ఎన్ని చుట్లు తిరిగిందో చూడు. నాలుగు చుట్లు దాటి కొంచెం ఉంటే 4.10, నాలుగున్నర దాటితే 4.56, ఇంచుమించు అయిదైతే 4.88. లోపల లాకర్ ఉంటే ఈ లెక్క కుదరదు, అప్పుడు రెండూ కలిపి ఒక్క చుట్టు తిప్పాలి. ముందూ వెనకా ఒకటే రేషియో ఉండాలి అని నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఏ రేషియో కావాలో కాగితం మీద వేసి చూడు. సమురాయ్ లో స్టాక్ డిఫ్ 3.73, టైరు 26.3 అంగుళాలు. 33 వేస్తే టైరు పావు వంతు పెరిగింది, హైవే మీద మళ్ళీ పాత బలమే కావాలంటే 4.68 దగ్గర ఉండాలి, అంటే 4.56 కానీ 4.88 కానీ. ఆ 1.3 లీటర్ ఇంజన్ కి నేనైతే 4.88 అంటాను, చిన్న ఇంజన్ ని ఏడిపించకూడదు. ఇక రాళ్ళ మీద: ఫస్ట్ గేర్ 3.652, లో రేంజ్ 2.268, డిఫ్ 3.73 గుణిస్తే 31 లోపే వస్తుంది, అంటే ఇంజన్ దాదాపు 31 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు, అంత తక్కువతో రాయి ఎక్కాలంటే క్లచ్ మీద కాలు పెట్టి ఎగరేయాలి, ఆ ఎగిరేటప్పుడే షాఫ్టులు విరిగేది. అదే ట్రాన్స్‌ఫర్ కేస్ లో 4.16 గేర్లు, డిఫ్ 5.29 అయితే 80 దాటుతుంది, అప్పుడు ఇంజన్ ఐడిల్ లోనే బండి పాక్కుంటూ పోతుంది. నెమ్మదిగా పోయేవాడి బండి ఆక్సిల్ ఎంత వీకైనా నిలుస్తుంది రా, ఇది బాగా నమ్ము.

టయోటాలో ఇంకో సుఖం ఏంటంటే క్రౌన్ పినియన్ అంతా థర్డ్ మెంబర్ అని ఒకే ముద్దగా ముందు నుంచి ఊడొస్తుంది, సుజుకీ లాగానే. దాన్ని బెంచ్ మీద పెట్టి నింపాదిగా సెట్ చేయొచ్చు. బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య ఉండే వదులు) 0.13 నుంచి 0.18 మిల్లీమీటర్ల మధ్య రావాలి, పళ్ళకి రంగు పూసి తిప్పి అచ్చు ఎక్కడ పడుతుందో చూడాలి. డయల్ గేజ్ లేనివాడు ఈ పని ముట్టుకోకూడదు, నీకు అలవాటు లేదు కాబట్టి సెట్ చేసిందే కొనుక్కో, ఇక్కడ కక్కుర్తి వద్దు.

ఇప్పుడు బిగించడం. సుజుకీ కమాన్ కట్టల మధ్య దూరం వేరు, టయోటాది వేరు, కాబట్టి పాత పర్చ్ లు (ఆక్సిల్ మీద కమాన్ కూర్చునే దిమ్మలు) కోసేసి కొత్తవి వెల్డ్ చెయ్యాలి. సమురాయ్ లో కమాన్ ఆక్సిల్ కింద ఉంటుంది, నువ్వు పైకి పెడతానంటున్నావు కాబట్టి ఒక్కసారిగా 5 అంగుళాల దాకా లేస్తుంది. ఇక్కడే అందరూ తొందరపడతారు. నువ్వు పర్చ్ లకి చిన్న చిన్న టాకాలు మాత్రమే వెయ్యి, ఫుల్ వెల్డ్ వద్దు. ఆ టాకాల మీదే బండి దింపి, టైర్లతో నేల మీద నిలబెట్టి, ఇంజన్, స్టెప్నీ, విన్చ్, సీట్లు అన్నీ బండిలో ఉండగా కమాన్ ఎలా కూర్చుందో చూడు, అప్పుడు పినియన్ యాంగిల్ (పినియన్ ఎంత వాలుగా చూస్తోందో) కొలువు, కాస్టర్ (నకుల్ వెనక్కి ఎంత వాలి ఉందో) కొలువు. జాకీ మీద గాల్లో ఉన్న బండికి కొలిచిన కొలత దేనికీ పనికిరాదు.

ముందు ఆక్సిల్ లో ఒక చిక్కుంది. పినియన్ ని పైకి తిప్పి ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు చూపిద్దాం అంటే నకుల్ కూడా దాంతోపాటు తిరిగి కాస్టర్ పోతుంది, కాస్టర్ పోతే హైవే మీద స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాదు, బండి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. కాస్టర్ 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంచు, పినియన్ యాంగిల్ రాజీ పడితే పడనీ. రెండూ కావాలంటే నకుల్ వెల్డ్ కోసి తిప్పి మళ్ళీ వెల్డ్ చెయ్యాలి, అది మంచి వెల్డర్ చేతికే ఇవ్వు.

వెల్డ్ చేసేటప్పుడు థర్డ్ మెంబర్ ని హౌసింగ్ (ఆక్సిల్ బయటి గొట్టం) కి బిగించే ఉంచు, పాతది పనికిరానిదైనా సరే, లేకపోతే వేడికి ఆ మొహం వంకరపోయి తర్వాత ఎంత గాస్కెట్ వేసినా కారుతుంది. ఒక అంగుళం ఇటు, ఒక అంగుళం అటు, మధ్యలో చేత్తో ముట్టుకునేంత చల్లారనివ్వు. విజయవాడ ఆటోనగర్ లో పాత మేస్త్రీలు హౌసింగ్ వెల్డ్ చేస్తుంటే చూశాను, వాళ్ళకి ఈ ఓపిక ఉంది, అందుకే వాళ్ళు చేసినవి నిటారుగా ఉండేవి.

స్టీరింగ్ దగ్గర రూపాయి మిగిల్చుకోవద్దు. బండి పైకి లేచింది కదా, పాత డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు వెళ్ళే రాడ్) ఏటవాలుగా పడుతుంది, చక్రం గుంటలోకి దిగినప్పుడల్లా స్టీరింగ్ నీ చేతిలోంచి లాక్కుంటుంది. నకుల్ పైన వచ్చే హై స్టీర్ ఆర్మ్ లు వేసి, టై రాడ్ (రెండు ముందు చక్రాలనీ కలిపే రాడ్) కమాన్ పైకి తీసుకుపో, మందపాటి పైపుతో చేసిన రాడ్ వాడు. ఆ ఆర్మ్ లు పట్టుకునేది నాలుగే స్టడ్లు, స్టడ్లూ నట్లూ కొత్తవి వేసి టార్క్ రెంచ్ తో బిగించు, ఆర్మ్ కింద వచ్చే షిమ్ములు (సన్నటి రేకులు) తీసినవి తీసినట్టు ఏ వైపువి ఆ వైపు దాచు. నకుల్ కట్టాక టై రాడ్ కట్టకముందే స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి చూడు, మాన్యువల్ లో ఇచ్చినంత బరువుకి కదలాలి. వదులుగా ఉంటే స్పీడులో చక్రాలు వణుకుతాయి, ఆ వణుకు ఒకసారి మొదలైతే బండి ఆపేదాకా ఆగదు. స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట ఛాసిస్ కి అటూ ఇటూ ప్లేట్ వేయించు, 33 టైరుని రాయి మధ్య తిప్పితే పాత ఛాసిస్ చీలుతుంది. కాటర్ పిన్ (నట్టు ఊడకుండా పెట్టే పిన్ను) పాతది మళ్ళీ వంచి పెట్టడం లాంటివి చెయ్యకు, నాకు తెలిస్తే ఊరుకోను.

బ్రేకులు. టయోటా ముందు కాలిపర్ లో నాలుగు పిస్టన్లు, సుజుకీ మాస్టర్ సిలిండర్ అంత ఆయిల్ తొయ్యలేదు, పెడల్ నేల దాకా దిగుతుంది. పెద్ద మాస్టర్ సిలిండర్ వెయ్యి. వెనక ఆక్సిల్ కి రాడ్ తో కట్టి, లోడ్ ని బట్టి బ్రేక్ ప్రెషర్ పెంచే వాల్వ్ ఉంటే దాని సంగతి కూడా చూడు, బండి లేచినందువల్ల అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేక్ కట్ చేసేస్తుంది, దాని బ్రాకెట్ సరిచెయ్యాలి లేదా చేత్తో తిప్పే వాల్వ్ పెట్టాలి. బ్రేక్ హోస్ పొడుగు చూసేటప్పుడు చక్రాన్ని పూర్తిగా కిందకి వేలాడేసి, స్టీరింగ్ అటు చివరిదాకా ఒకసారి ఇటు చివరిదాకా ఒకసారి తిప్పి చూడు. హ్యాండ్ బ్రేక్ తర్వాత చూద్దాంలే అనకు, కొండ మీద ఇంజన్ ఆగిపోయిన రోజు దాని విలువ తెలుస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తా. సుజుకీ షాఫ్ట్, టయోటా పినియన్ ఫ్లాంజ్ లు కలవవు, అడాప్టర్ కావాలి. టయోటా వెనక డిఫ్ మధ్యలో ఉంటుంది, సుజుకీది కుడి పక్కకి, అందుకని షాఫ్ట్ కొంచెం అడ్డంగా వెళ్తుంది, వేలాడేసినప్పుడు క్రాస్ పట్టేస్తోందా చూడు. ట్రాన్స్‌ఫర్ కేస్ మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంటుంది, లో గేర్లు పెట్టాక దాన్ని గట్టి ఫ్రేములో కట్టకపోతే ఆ మౌంట్ల చేతులు పగులుతాయి.

రూబికాన్ ట్రయల్ (కాలిఫోర్నియాలో రాళ్ళ దారి) కి తీసుకెళ్తానన్నావు కదా, లూన్ లేక్ నుంచి టాహో వైపు 22 మైళ్ళు, అంతా గ్రానైట్. అక్కడ ఆయిల్ పీల్చే స్పిల్ కిట్ బండిలో ఉండాలన్నది రూలు, పక్కనే చెరువులు, వాగులు ఉన్నాయి. నకుల్ కారుతున్న బండిని ఆ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకు. ముందు ఆక్సిల్ కి ఒక బర్ఫీల్డ్ సెట్టు, రెండు క్రాస్ లు, ఒక టై రాడ్ ఎండ్, హబ్ సాకెట్ బండిలో పెట్టుకో. రాయి ఎక్కేటప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కకు, ముందు లాకర్ ఉంటే అస్సలు వద్దు, జాయింట్ విరిగేది ఆ క్షణంలోనే. టకటకమని శబ్దం వస్తే ఆగి, చక్రం నిటారు చేసి, వెనక్కి వచ్చి వేరే దారి చూస్కో.

మొదటి వంద మైళ్ళూ ఊళ్ళోనే తిప్పు, తర్వాత యూ బోల్టులు, నకుల్ స్టడ్లు, షాఫ్ట్ బోల్టులు మళ్ళీ బిగించు, వదులవుతాయి, కమాన్ సర్దుకుంటుంది కాబట్టి. పర్చ్ లకి టాకాలు వేసి బండి నేల మీద నిలబెట్టిన రోజు నాలుగు వైపుల నుంచీ, కింద నుంచీ ఫోటోలు తీసి పంపించు, కాస్టర్ అంకె కూడా రాయి, నేను చూసి సరే అనేదాకా ఫుల్ వెల్డ్ మొదలుపెట్టకు.

మీ మావయ్య