జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాను. డిసెంబర్‌లో హాంబర్గ్‌లో జరిగే హ్యాకర్ల సమావేశం కేయాస్ కాంగ్రెస్‌కు మొదటిసారి, ఒంటరిగా వెళ్లాలంటే ఎలా సిద్ధమవ్వాలి?

మీరు మాగ్డెబర్గ్‌లో ఉన్నారని, జర్మన్ అంతంతమాత్రమని, తోడొచ్చేవాళ్లు లేరని రాశారు. జర్మన్ గురించి దిగులు వద్దు. అక్కడ సగం పలకరింపులు ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి, జర్మన్ టాక్‌లకు లైవ్‌లో ఇంగ్లిష్ అనువాదం ఉంటుంది. తోడు లేకపోవడానికి మంచి మందు ఉంది, కింద చెప్తాను.

ముందుగా ఒక మాట. కేవలం టాక్‌లు వినడానికైతే హాంబర్గ్ దాకా వెళ్లక్కర్లేదు. పెద్ద హాళ్లలో జరిగే దాదాపు ప్రతి టాక్ లైవ్‌లో వస్తుంది, ఆపైన రికార్డింగ్, దీన్ని నడిపే కేయాస్ కంప్యూటర్ క్లబ్ వాళ్ల మీడియా సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తయారీ కంపెనీ వర్క్‌షాప్‌లో కాకుండా వేరేచోట రిపేర్‌కు పెడితే రైలు కదలకుండా సాఫ్ట్‌వేర్‌లోనే తాళం పడుతోందని పోలండ్ కుర్రాళ్లు చూపించిన 2023 టాక్, సుమారు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల డేటా బయటపడి ఉండటం గురించిన 2024 టాక్, రెండూ ఇవాళ మీ గదిలోనే కూర్చుని చూడొచ్చు. రికార్డింగ్‌లో దొరకనిది హాళ్ల బయట ఉంటుంది. అసెంబ్లీలంటారు, ఒక్కో బృందం బల్లలు వేసుకుని తమ పని పరుచుకునే చోట్లు. తాళాలు తెరవడం నేర్పేవాళ్లు, సోల్డరింగ్ చేయించేవాళ్లు, పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు తెచ్చి నడిపేవాళ్లు, లోపల్లోపల పోస్టుకార్డులు బట్వాడా చేసేవాళ్లు. రోజుకు రెండు టాక్‌లు చాలు, మిగతా టైమంతా ఈ బల్లల మధ్య తిరగండి.

టికెట్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. కాంగ్రెస్ ఏటా డిసెంబర్ 27 నుంచి 30 వరకు. అమ్మకం రెండు దారుల్లో జరుగుతుంది. మొదట వోచర్లు: క్లబ్ స్థానిక శాఖలకు, వాటితో తిరిగే హ్యాకర్‌స్పేస్‌లకు (హ్యాకర్లు కలిసి పనిచేసుకునే చోట్లకు) ఇస్తారు. ఒకరు వోచర్‌తో కొని డబ్బు కట్టాక వాళ్లకు ఇంకో వోచర్ వస్తుంది, దాన్ని పక్కవాళ్లకు ఇస్తారు, అలా గొలుసులా సాగుతుంది. అందుకే డబ్బు కట్టడం ఆలస్యం చేస్తే మీ వెనకున్నవాళ్ల అవకాశం కూడా పోతుంది. వోచర్ వచ్చిన రోజే ట్రాన్స్‌ఫర్ చేసేయండి. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో హ్యాకర్‌స్పేస్ ఉంటే సెప్టెంబర్ నుంచే వాళ్ల ఓపెన్ ఈవెనింగ్‌లకు వెళ్లి ముఖపరిచయం పెంచుకోండి. నవంబర్‌లో వెళ్లి నేరుగా వోచర్ అడిగితే మొహం మాడ్చుకుంటారు, అదీ న్యాయమే. రెండో దారి బహిరంగ అమ్మకం. ముందే ప్రకటించిన కొన్ని తేదీల్లో, చెప్పిన నిమిషానికి తెరుస్తారు, నిమిషాల్లో అయిపోతాయి. మొదటిసారి దొరక్కపోతే తర్వాతి తేదీకి మళ్లీ ప్రయత్నించాలి. ధర ఈమధ్య 150, 200 యూరోల మధ్య ఉంటోంది. కొనేటప్పుడు ఎక్కువ కట్టే ఆప్షన్లు కూడా కనిపిస్తాయి, అవి ఉన్నవాళ్లు లేనివాళ్ల తరఫున మోసే భారం. స్టూడెంట్‌గా మీరు మామూలు ధర కట్టినా ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రయాణం సులువే. రీజనల్ రైళ్లకు, సిటీ రవాణాకు చెల్లే నెలవారీ పాస్ డాయ్‌చ్‌లాండ్‌టికెట్ ఉంటే మాగ్డెబర్గ్ నుంచి యుల్ట్‌సెన్ దాకా రీజనల్ ట్రైన్, అక్కడ మారి హాంబర్గ్ సెంట్రల్, అక్కడి నుంచి ఎస్-బాన్ సిటీ రైల్లో ఒక్క స్టాప్, డామ్‌టోర్‌లో దిగితే కాంగ్రెస్ జరిగే సీసీహెచ్ భవనం ఎదురుగానే కనిపిస్తుంది. ఐసీఈ ఎక్స్‌ప్రెస్ రైళ్లలో ఆ టికెట్ చెల్లదు, మర్చిపోకండి. కుదిరితే 26 సాయంత్రానికే చేరండి. దాన్ని డే జీరో అంటారు, టికెట్ చూపిస్తే చేతికి వేసే రిస్ట్‌బ్యాండ్ ఇవ్వడం అప్పటికే మొదలవుతుంది. 27 పొద్దున వచ్చేవాళ్లు చలిలో బారులు తీరతారు. బ్యాండ్ బిగించేటప్పుడు ఒక వేలు దూరేంత వదులు ఉంచండి, ఒకసారి లాగాక వెనక్కి రాదు, దానితోనే నాలుగు రోజులు నిద్రా స్నానం. ఇంకో సంగతి: 24 మధ్యాహ్నం నుంచి 26 రాత్రి దాకా జర్మనీలో సూపర్‌మార్కెట్లు మూత. 27 ఆదివారమైతే ఆ రోజు కూడా అంతే. కావలసినవి 23నే కొని పెట్టుకోండి. ప్రయాణానికి పులిహోర కంటే నమ్మకమైన సరుకు లేదు. లోపల శాకాహారం, వీగన్ తిండి బాగానే దొరుకుతుంది, కానీ రేట్లు స్టూడెంట్ జేబుకు గట్టివే.

ఇక తోడు సంగతి. ఏంజెల్‌గా చేరండి. ఈ జాతర మొత్తం వాలంటీర్లే నడుపుతారు, వాళ్లను ఏంజెల్స్ అంటారు, వాళ్ల ఆఫీసు పేరు హెవెన్. ముందుగా ఏంజెల్ సిస్టమ్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరవండి, అక్కడికి చేరగానే హెవెన్‌కు వెళ్లి వచ్చినట్టు నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు లేకపోతే షిఫ్టులు తీసుకోవడం కుదరదు. కొత్తవాళ్ల పరిచయ సమావేశం మొదటి రోజే ఉంటుంది, దానికి వెళ్లండి. మొదటి షిఫ్టుకు గేటు దగ్గర రిస్ట్‌బ్యాండ్లు చూసే పనో, కోట్లు దాచే గార్డెరోబ్ పనో తీసుకోండి. భాష అక్కర్లేదు, పక్కన ఇంకొకరు ఉంటారు, రెండు గంటల్లో ఇద్దరు ముగ్గురు స్నేహితులవుతారు. కెమెరా, సౌండ్ మిక్సింగ్ లాంటివి విడిగా శిక్షణ తీసుకున్నాకే ఇస్తారు. తెల్లవారుజాము షిఫ్టుల గంటలు రెట్టింపుగా లెక్కకడతారు. తగినన్ని గంటలు చేసినవాళ్లకు టీషర్టు వస్తుంది, ఏంజెల్స్‌కు భోజనం విడిగా వండి పెడతారు. తీసుకున్న షిఫ్టుకు రాలేకపోతే ముందుగా సిస్టమ్‌లోంచి పేరు తీసేయండి. చెప్పకుండా ఎగ్గొట్టడం ఒక్కటే అక్కడ నిజంగా చెడ్డపేరు తెచ్చేది. అత్యుత్సాహంతో రోజుకు మూడు షిఫ్టులు వేసుకోవద్దు, చూడాల్సినవి చూడకుండానే నాలుగు రోజులు గడిచిపోతాయి.

వైఫైకి ఎంటర్‌ప్రైజ్ సెట్టింగ్ వాడాలి: యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇవి మిమ్మల్ని గుర్తుపట్టడానికి కాదు, గాలిలో పోయే ట్రాఫిక్ ఎన్‌క్రిప్ట్ కావడానికి. కాబట్టి ఇంటి పాస్‌వర్డేదీ అక్కడ కొట్టొద్దు. సర్టిఫికెట్ సరిచూడడం దాటేసి కనెక్టయితే, అదే పేరుతో ఎవరో పెట్టిన దొంగ యాక్సెస్ పాయింట్‌కు అంటుకునే ప్రమాదం ఉంది. నెట్‌వర్క్ బృందం ఇచ్చిన సెట్టింగులు అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. రెండో ముఖ్య విషయం, ఇది మీ ఇంటి రౌటర్ వెనకున్న నెట్‌వర్క్ లాంటిది కాదు. మీ ల్యాప్‌టాప్‌కు నేరుగా పబ్లిక్ ఐపీ అడ్రస్ రావచ్చు, అంటే ఇంటర్నెట్‌లో ఎవరైనా దాని తలుపు తట్టొచ్చు. బయటి నుంచి వచ్చే కనెక్షన్లను వదలాలా ఆపాలా అనేది వాడే యూజర్‌నేమ్‌ను బట్టి ఎంచుకోవచ్చు, ఆ వివరం నెట్‌వర్క్ పేజీలో ఉంటుంది. మొదటిసారి ఆపే ఆప్షనే తీసుకోండి. బయల్దేరేముందు అప్‌డేట్లన్నీ వేసి, ఫైల్ షేరింగ్ ఆపి, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ నడుస్తుంటే పాస్‌వర్డ్ లాగిన్ తీసేయండి. థీసిస్ బ్యాకప్ ఇంట్లో పెట్టి వెళ్లండి. ఇంకోటి, అక్కడున్నంత మాత్రాన పక్కవాడి మెషీన్ మీద ప్రయోగాలు చేయొచ్చని కాదు. అనుమతి లేకుండా ఇతరుల డేటాలోకి చొరబడటాన్ని నేరంగా చూసే జర్మన్ శిక్షాస్మృతి 202 సెక్షన్లు అక్కడా వర్తిస్తాయి, రెసిడెన్స్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదువుకోవాలి.

ఈ జాతరకు సొంత టెలిఫోన్ నెట్‌వర్క్ కూడా ఉంది, నా దృష్టిలో అన్నింటికంటే సరదా అదే. ఇళ్లలో వాడే కార్డ్‌లెస్ డెక్ట్ ఫోన్ సెకండ్‌హ్యాండ్‌లో 10, 15 యూరోలకు దొరుకుతుంది. జీఏపీ ప్రమాణం పాటించేది చూసి కొనండి, లేకపోతే సొంత బేస్‌తో తప్ప దేనితోనూ మాట్లాడదు. బేస్ ఇంట్లోనే వదిలేయొచ్చు, చార్జింగ్ తొట్టి మాత్రం తీసుకెళ్లండి. ఆ ఫోన్ నెట్‌వర్క్ నడిపే ఈవెంట్‌ఫోన్ బృందం సైట్‌లో మీకు నచ్చిన నాలుగంకెల నంబర్ ముందే బుక్ చేసుకుంటే ఒక టోకెన్ ఇస్తుంది. అక్కడికెళ్లాక హ్యాండ్‌సెట్‌ను కొత్త బేస్ వెతికే మోడ్‌లో పెట్టి నమోదు చేసి, టోకెన్ అంకెలు డయల్ చేస్తే ఆ నంబర్ మీదవుతుంది. ఎక్కువగా తేడా వచ్చేది బ్యాటరీ దగ్గర: పాత హ్యాండ్‌సెట్లలో ట్రిపుల్ ఏ రీఛార్జబుల్ సెల్స్ చచ్చిపోయి ఉంటాయి, కొత్త జత వేసుకోండి. మామూలు ఆల్కలైన్ సెల్స్ వేసి తొట్టిలో పెట్టొద్దు, కారి ఫోన్ పాడవుతుంది.

సంచిలో మూడు మీటర్ల జర్మన్ ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఈథర్‌నెట్ కేబుల్ తప్పనిసరి. ఇండియా నుంచి తెచ్చిన లావు మూడు పిన్నుల ప్లగ్ అక్కడ దూరదు. సన్నని రెండు పిన్నుల చార్జర్ సరిపోతుంది. ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కులు పెట్టుకోండి, వేలమంది నాలుగు రోజులు మూసిన భవనంలో తిరిగాక జనవరి మొదటి వారం మంచం పట్టేవాళ్లు ఏటా ఉంటారు. అక్కడ అందరూ తాగే క్లబ్ మాటే అనే కూల్‌డ్రింక్ అరలీటర్ సీసాలో 100 మిల్లీగ్రాముల కెఫీన్, కాఫీలా లెక్కపెట్టి తాగండి. ఖాళీ సీసా ఇచ్చేస్తే ఫాండ్, అంటే డిపాజిట్ డబ్బు తిరిగొస్తుంది.

ఫొటోల విషయంలో మన పెళ్లిళ్ల అలవాటు అక్కడ చెల్లదు. ఫ్రేములో పడే ప్రతి ఒక్కరినీ అడిగాకే తీయాలి, వెనకాల నడిచిపోయేవాళ్లతో సహా. లైట్ల ఫొటో కావాలంటే కెమెరా కప్పు వైపు ఎత్తి తీయండి. సెల్ఫీ అయితే గోడకు వీపు పెట్టి తీసుకోండి. మొహం గోడ వైపు పెడితే వెనక జనం పడతారు, అటు తిరగొద్దు.

30 సాయంత్రం ముగింపు సభ అవ్వగానే ఏర్పాట్లన్నీ విప్పడం మొదలవుతుంది. అప్పుడే చేతులు ఎక్కువ కావాలి, కేబుల్స్ చుట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. తిరుగు ప్రయాణం 31 పొద్దునకు పెట్టుకుంటే ఆ షిఫ్టు కూడా చేయొచ్చు. 30 రాత్రే బయల్దేరాలంటే యుల్ట్‌సెన్‌లో ఆఖరి మాగ్డెబర్గ్ ట్రైన్ ఎన్నింటికో ముందే చూసుకోండి. అది తప్పితే తెల్లారేదాకా ప్లాట్‌ఫారమే గతి.