కోరింగ మడ అడవుల్లో కయాక్ మీద వెళ్లి నీటికుక్కల్ని, పక్షుల్ని బెదరగొట్టకుండా చూడొచ్చా?

చూడొచ్చు, కానీ అది 1978 నుంచి అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా సొంత కయాక్ దించకండి. అనుమతి దొరికితే ముందు చూసుకోవాల్సింది ఆటుపోట్లే. పాయల్లో నీళ్లు రోజుకి రెండుసార్లు ఎక్కి దిగుతాయి, పోటు మీద లోపలికి వెళ్లి, నీరు తీయడం మొదలవగానే లోతున్న పెద్ద పాయలోకి వచ్చేయాలి, లేకపోతే బురదలో ఇరుక్కుని మళ్లీ పోటు వచ్చేదాకా కూర్చోవాల్సిందే. నీరు తీశాక బయటపడిన బురద మీదకే ఉల్లంకి పిట్టలు మేతకి దిగుతాయి కాబట్టి, ఆ పెద్ద పాయలోనే తెడ్డు ఆపి ఉండటం మంచిది.

ఎంత దూరంలో ఉండాలో పక్షే చెబుతుంది. ముక్కుతో బురద పొడుస్తున్నది ఆపేసి మెడ నిక్కించిందంటే అప్పటికే మీరు దగ్గరైపోయారు, వెనక్కి జరగండి. శీతాకాలంలో ఇది మరీ ముఖ్యం, ఎక్కడో ఉత్తర దేశాల నుంచి వలస వచ్చిన పక్షులు తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకుంటుంటాయి, లేపిన ప్రతిసారీ అది కరిగిపోతుంది. నీటికుక్కలు గుంపుగా తలలెత్తి చూస్తే అక్కడే ఆగిపోండి, వాటి దారికి కయాక్ అడ్డం మాత్రం పెట్టొద్దు. బావురుపిల్లి (చేపలు పట్టే అడవిపిల్లి) రాత్రి తిరిగేది, పగలు దాని అడుగుజాడలు కనిపించినా అదృష్టమే.