ఎం.టెక్‌లో రెండో ఏడాదిని ముందు ఎంచుకో

విశాఖపట్నం

చిరంజీవి హరితకు మామయ్య ఆశీస్సులు.

మెకానికల్‌లో ఎం.టెక్ చేయాలా, చేస్తే ఇక్కడా విదేశంలోనా అని అడుగుతూ నీవు రాసిన ఉత్తరం అందింది. కాలేజీ సంగతికి ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. నాలుగు సెమిస్టర్ల ఈ చదువులో మొదటి ఏడాది తరగతులతో, పరీక్షలతో గడిచిపోతుంది, బి.టెక్‌లో చదివినదే అక్కడ మరికొంత లోతుగా చదువుతారు. రెండో ఏడాది మాత్రం దాదాపు పూర్తిగా ఒకే సమస్య మీద, ఒక గైడ్ దగ్గర పనిచేసి థీసిస్ రాయవలసి ఉంటుంది. అందుచేత ఆ రెండో ఏడాదిలో ఏ పని చేయదలచుకున్నావో ముందు నిర్ణయించుకుని, ఆ పని బాగా జరిగే చోటును తరువాత వెతుక్కోమని నా సలహా. ఉద్యోగానికి వచ్చిన ఎం.టెక్ అభ్యర్థులను ఇంటర్వ్యూ చేసినవారిలో నేనూ ఒకడిని కనుక చెబుతున్నాను, కాలేజీ పేరు ఒకసారి చూసి పక్కన పెట్టి, మిగిలిన సమయమంతా థీసిస్ మీదే ప్రశ్నలు వేసేవాళ్లం.

ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగమే నీ కోరిక అయితే ఈ రెండేళ్లు ఖర్చు చేయనక్కరలేదు. ఎన్‌టీపీసీ వంటి సంస్థలు గేట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష స్కోరు చూసి తీసుకునే ఇంజనీర్ ట్రైనీ ఉద్యోగాలకు బి.టెక్ చాలు, వాటికి వయోపరిమితి కూడా ఉంటుంది.

ఇక స్పెషలైజేషన్ విషయం. థర్మల్, మెషీన్ డిజైన్, మాన్యుఫాక్చరింగ్ అన్న పేర్లు చూసి ఎంచుకోవడం కష్టం, వాటి వెనుక ఉన్న పని చూస్తే సులభం. ఆ పని చూడటానికి విశాఖను మించిన ఊరు మన రాష్ట్రంలో లేదని నా నమ్మకం (ఇక్కడే బతికినవాడి పక్షపాతం కొంత ఉంటే ఉండవచ్చు). స్టీల్ ప్లాంటులో సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వేడితో ఓవెన్ల నుంచి బయటపడే కోక్‌ను (బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి తయారుచేసే ఇంధనాన్ని) నీళ్లు చల్లకుండా, మూసిన గదిలో నైట్రోజన్‌ను ప్రసరింపజేసి చల్లారుస్తారు. ఆ నైట్రోజన్ మోసుకుపోయిన వేడితో బాయిలర్‌లో ఆవిరి పుట్టించి విద్యుత్తు తీస్తారు. గడ్డలు గడ్డలుగా ఉన్న ఘనపదార్థం నుంచి వాయువుకు వేడి ఎంత వేగంగా చేరుతుంది, గది అంతటా సమానంగా చేరుతుందా లేదా అన్న ప్రశ్న నిన్ను కుదురుగా కూర్చోనివ్వకపోతే నీ దారి థర్మల్. 1969లో ఇక్కడ నెలకొల్పిన నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ టార్పెడోల వంటి నీటి అడుగు ఆయుధాల మీద పనిచేస్తుంది. ప్రొపెల్లర్ రెక్కల మీద ఒత్తిడి పడిపోయి నీరు ఆవిరి బుడగలుగా మారి చప్పుడు చేయడం, దాన్ని తగ్గించడం అక్కడివారికి ప్రాణప్రదమైన విషయం. అటువంటివి నచ్చితే ఫ్లూయిడ్ మెకానిక్స్, వైబ్రేషన్స్ వైపు వెళ్లు. మందపాటి ప్లేట్లను వెల్డింగ్ చేసినప్పుడు అవి ఎందుకు వంగుతాయో తెలుసుకోవాలనిపిస్తే షిప్‌యార్డు ఉంది, అధిక పీడనాన్ని తట్టుకునే పాత్రలు తయారుచేసే బీహెచ్‌ఈఎల్ కర్మాగారం ఉంది.

సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడమే ఎం.టెక్ అనుకునే పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. తెర మీద రంగురంగుల ఒత్తిడి పటం చూపించిన అభ్యర్థిని నేను రెండే అడిగేవాడిని: మెష్‌ను (లెక్క కోసం వస్తువును చిన్న ముక్కలుగా విభజించే వలను) ఇంకా సన్నగా చేస్తే ఈ విలువ ఎంత మారింది, చేత్తో వేసిన లెక్కతోనో ప్రయోగంతోనో దీన్ని పోల్చి చూశావా? చాలామంది అక్కడే ఆగిపోయేవారు. ఆ సాఫ్ట్‌వేర్ వాడే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి వెనుక ఉన్న గణితాన్ని ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలలో ఐఐటీ ఆచార్యులు ఉచితంగానే చెబుతున్నారు. చేరబోయే ముందే మొదలుపెట్టు.

గేట్‌ను తప్పించుకోవాలని చూడకు. 3 గంటల్లో 65 ప్రశ్నలు, 100 మార్కులు; అందులో జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15, ఇంజనీరింగ్ గణితానికి 13 కేటాయిస్తారు, ఈ 28 మార్కులను మెకానికల్ పిల్లలు చులకనగా చూసి నష్టపోతుంటారు. స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. దానితో ఐఐటీలకు కోప్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా, ఎన్‌ఐటీలకు సీసీఎంటీ అనే కేంద్రీకృత కౌన్సెలింగ్ ద్వారా సీట్లు ఇస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి రాష్ట్ర కళాశాలలకు పీజీఈసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష దారి కూడా ఉంది; అయితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ గేట్ అర్హత ఉన్నవారికే వస్తుంది కనుక, ఇంటి దగ్గరే చదవాలనుకున్నా గేట్ రాయి. పరిశోధన మీద గట్టి మనసుంటే ఐఐటీ మద్రాసు వంటి చోట్ల ఉన్న ఎం.ఎస్. రీసెర్చ్‌ను కూడా పరిశీలించు. అందులో తరగతులు తక్కువ, ప్రయోగశాల ఎక్కువ.

విదేశాల గురించి రెండు మాటలు. అమెరికాలో థీసిస్ ఉన్న ఎం.ఎస్., థీసిస్ లేనిది అని రెండు రకాలుంటాయి. అప్పు చేసి రెండో రకానికి వెళ్లడం నాకు సమ్మతం కాదు. చదువయ్యాక 12 నెలలు, ఆపైన 24 నెలలు పనిచేసే అవకాశం మెకానికల్‌కు ఉన్నప్పటికీ, రక్షణ, అంతరిక్ష రంగాల ఉద్యోగాలు చాలావరకు అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకు పరిమితమని ముందే తెలుసుకో. జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు తీసుకోవు, కానీ బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనవంటివారికి సెమిస్టర్‌కు 1500 యూరోలు ఉంటుంది. జర్మన్ భాష రాకుండా అక్కడి కర్మాగారాల్లో ఉద్యోగం దొరకడం కష్టం.

ఎక్కడికి వెళ్లినా గైడ్‌ను విచారించకుండా చేరవద్దు. ఆయన లేదా ఆమె ఈ రెండు మూడేళ్లలో ప్రచురించిన పత్రాలు చదువు, వాళ్ల దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న విద్యార్థులతో మాట్లాడు, ప్రయోగశాల చూడనిస్తే వెళ్లి చూడు. వెబ్‌సైట్‌లో ఫొటో ఉన్న పరికరం మీద దుమ్ము ఉందా, పక్కన లాగ్‌బుక్ ఉందా, అందులో చివరి తేదీ ఏమిటి అన్నది గమనించు.

గేట్ ఫలితాలు మార్చిలో వస్తాయి. ఆలోగా నీకు నచ్చిన ముగ్గురు ఆచార్యుల పత్రాలు ఒక్కొక్కటి చదివి, అర్థంకాని చోట్ల గీత గీసి ఉంచు. సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు మనిద్దరం కూర్చుని వాటిని చూద్దాం. ఫీజుల సంగతి మీ నాన్నగారితో నేను మాట్లాడతాను. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య