గాలి ఎటునుంచి వీస్తోంది? కైట్ సర్ఫింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

రామేశ్వరం తీరంలో కైట్ సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై సాగే ఆట) నేర్చుకున్న అనుభవాన్ని గత సంచికలో రాసిన తరువాత చాలా ఉత్తరాలు వచ్చాయి. పలువురు అడిగిన సందేహాలను కలిపి అయిదు ప్రశ్నలుగా ఇక్కడ తీసుకుంటున్నాను.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఈత బాగా వచ్చు. సంక్రాంతికి గాలిపటాలు ఎగరేయడంలో మా వీధిలో నాకు పేరుంది. వాడిన కైట్ ఒకటి తక్కువ ధరకు దొరుకుతోంది. వీడియోలు చూసుకుంటూ రుషికొండలోనో భీమిలిలోనో సొంతంగా నేర్చుకోవచ్చా? (విశాఖపట్నం)

జవాబు: వద్దు. గాలిపటం ఎగరేసిన చేతికి కొంత లాభం ఉన్న మాట నిజమే. సూత్రం ముడి కాస్త జరిగితే పటం తీరు మారిపోవడం, డీల్ ఇవ్వగానే లాగుడు తగ్గడం మీకు తెలిసిన సంగతులే. కైట్‌లో బార్‌ను (చేత్తో పట్టుకునే అడ్డకడ్డీని) ముందుకు వదిలితే జరిగేది కూడా దాదాపు అదే. అయితే గాలిపటం దారం మీ చేతిలో ఉంటుంది, బెడిసికొడితే వదిలేస్తారు. తొమ్మిది, పన్నెండు చదరపు మీటర్ల కైట్ 20 నుంచి 24 మీటర్ల లైన్ల (తాళ్ల) చివర ఎగురుతూ, మీ నడుముకు బిగించిన హార్నెస్ కొక్కేనికి తగులుకుని ఉంటుంది. అది మిమ్మల్ని లాగడం మొదలుపెట్టాక దాని నుంచి విడివడటం ఎలాగో ఆలోచించుకునే వ్యవధి ఉండదు. అందుకే మంచి శిక్షకులు ఎగరేయడం కంటే ముందు వదిలించుకోవడం నేర్పుతారు. మొదట బార్‌ను పూర్తిగా వదిలేయాలి. లాగుడు ఆగకపోతే క్విక్ రిలీజ్‌ను (కొక్కెం దగ్గర ఉండే విడుదల పిడిని) ముందుకు తోయాలి, అప్పుడు కైట్ ఒక్క లైను మీద జెండాలా వేలాడి బలం కోల్పోతుంది. అప్పటికీ ఈడ్చుకుపోతూ ఉంటే లీష్‌ను (కైట్‌ను మీకు కలిపి ఉంచే చివరి తాడును) కూడా తెంచుకుని కైట్‌ను పోనివ్వాలి. ఈ మూడు మెట్లూ కళ్లు మూసుకుని చేయగలిగేదాకా, ఒడ్డున నిలబడి, చేతులు తడిగా ఉన్నప్పుడు కూడా, పదే పదే చేయిస్తారు. వీడియో చూపించగలదే తప్ప మీ చేయి ఎక్కడ తడబడుతోందో చెప్పలేదు.

రెండో కారణం మీ తీరమే. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతూ ఆగ్నేయంవైపు చూస్తుంది. నైరుతి గాలి ఒడ్డు వెంబడి వీచిన రోజున చూడటానికి అంతా అనుకూలంగానే కనిపిస్తుంది కానీ, వానాకాలంలో అదే గాలి కాస్త పడమటికి తిరిగిందంటే కొండల మీదుగా, ఒడ్డు మీదుగా సముద్రంలోకి వీస్తుంది. అలాంటి గాలిలో కైట్ నీళ్లలో పడి మళ్లీ లేవకపోయినా, లైను తెగినా, మీరు పోయేది ఒడ్డుకు కాదు, నడిసంద్రానికి. వెంట రక్షణ పడవ లేనప్పుడు ఒడ్డునుంచి లోపలికి వీచే గాలిలో దిగకూడదన్నది ప్రపంచంలో ఎక్కడైనా పాటించే నియమం. పైగా మీ దగ్గర బీచ్ ఏటవాలుగా దిగి, అల సరిగ్గా ఒడ్డున విరిగిపడుతుంది. లోపలికి లాగే ప్రవాహాల సంగతి విశాఖవాసులకు నేను చెప్పనక్కరలేదు. కొత్తవారికి కావలసింది నడుము లోతు నీరు, ఇసుక నేల, గాలివాలు వైపున చాలా దూరం ఖాళీ. రామేశ్వరం ద్వీపంలో ఇవి దొరుకుతాయి. చలికాలంలో ఈశాన్యపు గాలి, వేసవి తరువాత నైరుతి గాలి. ఏ కాలానికి అనువైన ఒడ్డు ఆ కాలానికి ఉంది. శ్రీలంకలోని కల్పిటియ లగూన్ కూడా అలాంటిదే, దాని ప్రధాన కాలం మే నుంచి అక్టోబరు వరకు.

పది, పన్నెండు గంటల శిక్షణలో చాలామంది బోర్డు మీద లేచి కొన్ని మీటర్లు పోగలుగుతారు. అంతకు ముందు బోర్డు లేకుండా, కైట్ లాగుతుంటే నీళ్లలో ఒళ్లు ఈడ్చుకుంటూ పోవడం నేర్పుతారు. ఇది అవమానంగా అనిపించి తొందరపడేవారు ఎక్కువ. కానీ ఒక చేత్తో బార్ పట్టుకుని, రెండో చేతిని నీళ్లలో చుక్కానిలా చాచి, ఎదురుగాలి వైపుకు ఏటవాలుగా జరగడం వస్తేనే జారిపోయిన బోర్డును తిరిగి అందుకోగలరు. బోర్డుకు తాడు కట్టుకుంటే ఈ శ్రమ ఉండదు కదా అని అడుగుతారు. పడ్డప్పుడు ఆ తాడు సాగి బోర్డును మీ తలకే తెచ్చి కొడుతుంది.

తక్కువ ధర కైట్ సంగతి: శిక్షణ పూర్తయ్యేదాకా కొనకండి. ఆ తరువాతైనా పాత కైట్ చూసేటప్పుడు గాలి నింపి ఒక గంట వదిలేసి, మెత్తబడిందేమో నొక్కి చూడండి. బట్టను గోటితో గీకితే కొత్త కాగితంలా చప్పుడవ్వాలి. పాత చొక్కాలా మెత్తగా జారితే ఎండకు చచ్చిందని అర్థం. నాలుగు లైన్లనూ ఒక మేకుకు తగిలించి లాగి, పొడవు సమానంగా ఉందో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలో ఉంటాను, బరువు 82 కిలోలు. శిక్షణ పూర్తి చేసి 12 చదరపు మీటర్ల కైట్ ఒకటి కొన్నాను. ఇక్కడి అలమీడా తీరంలో బాగానే ఉంటోంది కానీ వేసవి సాయంత్రాలలో ఎక్కువ లాగుతోంది. మిత్రులు గోల్డెన్ గేట్ వంతెన దగ్గరి క్రిసీ ఫీల్డ్‌కు రమ్మంటున్నారు. ఏం చేయమంటారు? (శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతం)

జవాబు: వేసవిలో లోపలి మైదానం వేడెక్కి గాలి పైకి లేస్తుంటే, ఆ చోటులోకి సముద్రపు చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకువస్తుంది. మధ్యాహ్నం 14 నాట్లున్న గాలి (వరినాట్లు కావు, ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) సాయంత్రానికి 20 దాటడం అక్కడ మామూలే. అంకెలో తేడా ఆరే అనిపిస్తుంది. కానీ గాలి ఒత్తిడి వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది కనుక, 14 నుంచి 20కి పెరిగితే లాగుడు రెట్టింపు అవుతుంది. మీ బరువుకు 12 మీటర్ల కైట్ 14 నుంచి 18 నాట్లలో సరిపోతుంది. మీరు తరువాత కొనవలసింది 9 మీటర్లది. గాలి 25 దాటే రోజుల్లో కూడా దిగే నేర్పు వచ్చాక 7 గురించి ఆలోచించవచ్చు. బార్ మీది ట్రిమ్ పట్టీని లాగి బలం తగ్గించుకుంటూ పెద్ద కైట్‌తోనే నెట్టుకురావడం చాలామంది చేసే పొరపాటు. పట్టీ పూర్తిగా లాగేసి ఉందంటే, ఇంకో విసురు వస్తే తగ్గించుకోవడానికి మీ దగ్గర ఏమీ మిగల్లేదన్నమాట.

చిన్న కైట్‌కు బలం చాలదని భయపడకండి. అది చురుగ్గా తిరుగుతుంది; గాలిలో ఎనిమిది అంకె వేసినట్టు తిప్పితే కావలసిన లాగుడు దానంతట అదే పుడుతుంది. బోర్డు అంచును మడమలతో నొక్కి, కైట్‌ను గడియారంలో పదిన్నరకో ఒకటిన్నరకో నిలిపి, పోవలసిన దిక్కుకేసి తల తిప్పి చూస్తూ ఉంటే ఎదురుగాలి వైపుకు ఎక్కగలుగుతారు. చూపు కైట్ మీదే ఉంటే ఒళ్లు అటే తిరిగి గాలివాలుకు కొట్టుకుపోతారు. బయలుదేరిన చోటుకు మూడు సార్లలో మూడు సార్లూ తిరిగి రాగలిగేదాకా అలమీడా విడిచిపెట్టకండి. అక్కడ నీరు లోతు తక్కువ, పడమటి గాలి మిమ్మల్ని ఒడ్డువైపే తెస్తుంది. ఆటు సమయంలో బురద బయటపడుతుంది కనుక పోటు వేళలు చూసుకోవడం ఒక్కటే ఇబ్బంది.

క్రిసీ ఫీల్డ్ వేరే లోకం. ఆటు వేళ బే నీరంతా గోల్డెన్ గేట్ వంతెన కింది నుంచి బయటి సముద్రానికి పరుగు తీస్తుంది, సరుకు ఓడలు అదే దారిన వస్తూ పోతూ ఉంటాయి, నీళ్లు వేసవిలోనూ 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి. గాలి ఉన్నట్టుండి పడిపోతే కైట్ పడిపోతుంది, మీరు ప్రవాహం పాలవుతారు. మిత్రులు రమ్మన్నంత మాత్రాన పోవలసిన చోటు కాదు. కైట్‌ను నీళ్లలోనే విప్పి, లైన్లు బార్‌కు చుట్టి, రెక్కల కొసలు పట్టుకుని దాన్నే తెరచాపగా చేసుకుని ఒడ్డు చేరడాన్ని కాళ్లు అందని లోతులో రెండు మూడు సార్లు చేసి చూసిన తరువాత ఆ మాట ఎత్తండి.

హైడ్రోఫాయిల్ (బోర్డు కింద నీళ్లలో ఉండి, బోర్డును నీటిపైకి లేపే రెక్క) కొనవచ్చా అని కూడా చివర అడిగారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మార్సెయ్ దగ్గర జరిగిన కైట్ పోటీలన్నీ ఫాయిల్ బోర్డుల మీదే జరిగాయి, సింగపూర్‌కు చెందిన 17 ఏళ్ల మాక్స్ మేడర్ కాంస్యం గెలుచుకున్నాడు. చూసి ముచ్చటపడటం సహజం. ఆ ఫాయిల్ రెక్క అంచు కత్తిలాంటిది. ఒక ఏడాది ఆగండి.

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. స్నేహితులతో కలిసి ఈ ఆట నేర్చుకోవడానికి రామేశ్వరం వెళతానంటున్నాడు. ప్రాణాలకు ప్రమాదమేమోనని భయంగా ఉంది. (రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, మీ భయం అర్థంలేనిది కాదు. ఈ ఆటలో గట్టి దెబ్బలు నీళ్లలో కంటే ఒడ్డున, ఒడ్డుకు దగ్గరలో ఎక్కువగా తగులుతాయి. నా సంగతే చెబుతాను. నేర్చుకున్న తొలి రోజుల్లో కైట్‌ను నడినెత్తిన నిలిపి ఇసుకలో నిలబడి పక్కవారితో కబుర్లు చెబుతున్నాను. నెత్తిన ఉంటే నిలకడగా ఉంటుందనుకున్నాను. ఒక్క విసురుకు కాళ్లు నేల విడిచాయి. నాలుగు గజాల అవతల మోకాళ్ల మీద పడ్డాను. ఆ చోట ఇసుక ఉంది కాబట్టి సరిపోయింది, పడవ ఉంటే ఈ శీర్షిక మరొకరు రాస్తూ ఉండేవారు. అప్పటినుంచి ఒడ్డున ఉన్నంతసేపూ కైట్‌ను పక్కకు, నీళ్లవైపు దించి పట్టుకుంటాను, లేవగానే ఒడ్డు వదిలి నడుస్తాను.

మీ అబ్బాయిని శిక్షణ సంస్థ వారిని కొన్ని ప్రశ్నలు అడగమనండి. శిక్షకుడికి అంతర్జాతీయ కైట్‌బోర్డింగ్ సంస్థ ఐకేఓ ధ్రువపత్రం ఉందా, ఒక శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులు, హెల్మెట్, తేలే జాకెట్టు వాళ్లే ఇస్తారా, రక్షణ పడవ ఉందా, ఉరుము వినిపిస్తే ఏం చేస్తారు. చివరి ప్రశ్నకు "వెంటనే అందరి కైట్లూ దింపించేస్తాం" అన్నది తప్ప వేరే జవాబు చెబితే అక్కడ చేరవద్దు. మన వేసవి సాయంత్రాలలో కారుమబ్బు కమ్మి ఈదురుగాలి లేవడానికి పట్టే సమయం కైట్ దింపి చుట్టేసే సమయం కంటే తక్కువ కావచ్చు. అబ్బాయి రాత్రి ఫోన్ చేసినప్పుడు ఎంత దూరం పోయావని అడగకుండా, గాలి ఎటునుంచి వీచిందని అడిగి చూడండి. తడుముకోకుండా చెబితే సరిగానే నేర్చుకుంటున్నట్టు.

ప్రశ్న: హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు నడుస్తున్నాయి కదా, కైట్ ఎందుకు కుదరదు? (హైదరాబాద్)

జవాబు: చుట్టూ మేడలూ చెట్లూ ఉన్నందువల్ల. వాటి మీదుగా వచ్చే గాలి సుడులు తిరుగుతూ ఒకసారి చచ్చిపడి, మరుక్షణం విసిరికొడుతుంది. పడవ దాన్ని తట్టుకుంటుంది. పాతిక మీటర్ల ఎత్తున ఉన్న కైట్ మాత్రం లైన్లు వదులై పడిపోతుంది, లేదా మిమ్మల్ని గట్టుకేసి కొడుతుంది.

ప్రశ్న: సెలవు రోజుల్లో ఇక్కడి కైట్ బీచ్ కిటకిటలాడుతుంది. ఎదురుపడినప్పుడు ఎవరు తప్పుకోవాలి? (దుబాయి)

జవాబు: ఎదురెదురుగా వస్తున్నప్పుడు కుడిచేయి ముందున్నవారిది దారి, ఎడమచేయి ముందున్నవారు గాలివాలుకు తప్పుకోవాలి. ఒకరినొకరు దాటేటప్పుడు ఎదురుగాలి వైపున్నవారు కైట్‌ను పైకెత్తాలి, గాలివాలు వైపున్నవారు కిందికి దించాలి, అప్పుడు లైన్లు పెనవేసుకోవు. ఒకే దిక్కుకు పోతుంటే వెనకనుంచి వేగంగా వచ్చేవారే తప్పుకోవాలి. ఒడ్డునుంచి బయలుదేరుతున్నవారికి, తిరిగి వస్తున్నవారు దారి ఇవ్వాలి. ఎగిరి దూకాలనుకుంటే గాలివాలు వైపున 50 మీటర్లు ఖాళీగా ఉండాలి, కాళ్ల కింద ఈతగాళ్లు ఉండకూడదు. ఇద్దరి లైన్లూ పెనవేసుకుంటే ముందు చేతులు దూరంగా తీయండి: బిగిసిన లైన్ మాంజా కంటే లోతుగా కోస్తుంది. అరిచి ఎదుటివారికి చెప్పి, ఇద్దరూ క్విక్ రిలీజ్ తోసేయండి. విడదీయడం కైట్లు చల్లారాక చేసుకోవచ్చు. హార్నెస్‌కు చిన్న కొక్కెపు కత్తి ఉండేది అప్పటికీ లాగుడు ఆగనప్పుడు లైన్ కోయడానికే.