బెంగళూరులో అన్నీ చేసేవాళ్లు ఎవరికీ గుర్తుండరు

మన ఊళ్ల నుంచి బెంగళూరు వచ్చి సొంతంగా ఏదైనా మొదలుపెడదామనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అక్కా, అన్నీ చేస్తేనే కదా ఎక్కువమంది వస్తారు, ఒక్కదానికే పరిమితమైతే ఇల్లు గడుస్తుందా?" ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఇంట్లో వండి పంపేవాళ్లు, ఇంటర్వ్యూలకి కోచింగ్ ఇచ్చేవాళ్లు, యోగా నేర్పేవాళ్లు, అందరిదీ ఇదే టెన్షన్. చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ఇలా మొదలుపెట్టి నిలదొక్కుకున్నవాళ్లనీ చూశాను, కొన్ని నెలలకే సర్దేసుకుని మళ్లీ ఉద్యోగం వెతుక్కున్నవాళ్లనీ చూశాను. అందుకే ఖరాఖండీగా చెప్తున్నాను, ఒక్క పని పట్టుకోండి, అది కూడా ఫలానా రకం మనుషులకి అని తేల్చుకుని పట్టుకోండి. నిష్ అంటున్నారే, అదే.

ఎందుకో చెప్తాను. సొంతూళ్లో మీరు ఫలానా మాస్టారి అమ్మాయి, ఫలానా కొట్టు వాళ్ల అబ్బాయి. మీరెవరో తెలుసు కాబట్టి ఈ రోజు చీరలమ్మినా, రేపు ట్యూషన్ పెట్టినా నలుగురు వస్తారు. బెల్లందూరులో వందల ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్లో ఎదురింటివాళ్లకే మీ పేరు తెలీదు. ఇక్కడ మీ గురించి ఒకరు ఇంకొకరికి చెప్పేది ఒక్క వాక్యం, అదీ వాట్సాప్ గ్రూపులో, లిఫ్టు కోసం నిలబడి టైపు చేసే వాక్యం. ఆ వాక్యంలో మీరు పట్టాలి. "అన్ని సబ్జెక్టులు, అన్ని క్లాసులు, అన్ని బోర్డులు, ఆన్‌లైన్, ఆఫ్‌లైన్" అని పోస్టరు వేసినవాళ్ల గురించి ఎవరైనా ఏమని చెప్తారు? చెప్పరు. చెప్పటానికి ఏమీ ఉండదు మరి.

శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్ అని ఉంది, 1965 నుంచీ నడుస్తోంది. ఎప్పుడైనా ఆదివారం పొద్దున్నే వెళ్లి చూడండి. ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, కాఫీ, టీ, అంతే దాదాపు. దోసె లేదు. సాంబారు కూడా ఉండదు, చట్నీ మాత్రమే. సాంబారు లేని ఇడ్లీ హోటల్ అంటే మన దగ్గర నవ్వుతారు, అక్కడేమో జనం ప్లేటు చేత్తో పట్టుకుని ఫుట్‌పాత్ మీద నిలబడి తిని, మళ్లీ చట్నీ వేయించుకుంటారు. అడిగినవాళ్లకల్లా ఒక్కో ఐటమ్ కలుపుకుంటూ పోయుంటే ఆ చట్నీ కోసం ఊరి ఆ చివర నుంచి ఎవరూ రారు.

ట్యూషన్ల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువమంది దిగేది అందులోకే. మారతహళ్లిలో లెక్కలు చెప్పేవాళ్లకి కొదవ లేదు, మీరు ఇంకొకరవుతారు. కానీ ఒక సంగతి గమనించండి. కర్ణాటకలో 2015 నాటి కన్నడ భాషాభ్యాస చట్టం ఉంది, దాని ప్రకారం బడుల్లో కన్నడని ఒకటో భాషగానో రెండో భాషగానో నేర్పాలి. విజయవాడ నుంచో వరంగల్ నుంచో నాన్నకి ట్రాన్స్‌ఫరై వచ్చి ఆరో తరగతిలో చేరిన పిల్లాడికి క్లాసులో మిగతావాళ్లు పద్యాలు అప్పజెప్తుంటే అక్షరాలే రావు. అమ్మానాన్నలకీ రాదు, హోంవర్క్ చేయించలేరు. అక్కడ కన్నడ ట్యూటర్లు లేరని కాదు, కానీ వాళ్లు కన్నడలోనో ఇంగ్లిష్‌లోనో చెప్తారు. మీకు కన్నడ బాగా వచ్చి, ముఖ్యంగా హిందూపురం, మడకశిర, ఆదోని వైపు నుంచి వచ్చినవాళ్లయితే, తెలుగులో చెప్తూ కన్నడ నేర్పగలరు. మన లిపికీ ఆ లిపికీ చాలా దగ్గర పోలిక, తెలుగు చదవటం వచ్చిన పిల్లలు త్వరగానే పట్టుకుంటారు. ఇప్పుడు ఆ తల్లి ఇంకో తల్లికి ఏమని చెప్తుంది? "కొత్తగా వచ్చిన మన పిల్లలకి తెలుగులో చెప్తూ కన్నడ నేర్పిస్తుంది, ఇదిగో నంబరు." పని అయిపోయింది.

వంట విషయంలో కూడా అంతే. బిర్యానీ, పచ్చళ్లు, కేకులు, స్నాక్స్, పండగ పిండివంటలు, అన్నీ ఒకే మెనూలో పెట్టి తెల్లవారి నాలుగింటికి లేచేవాళ్లు నాకు తెలుసు, ఒంట్లో ఓపిక అయిపోవటం తప్ప ఏమీ మిగలదు. మధ్యాహ్నం పూట ఒకసారి ఏ అపార్ట్‌మెంట్లోనైనా కింద పార్కులో చూడండి, పిల్లల దగ్గరకి వచ్చి ఉంటున్న పెద్దవాళ్లు కనిపిస్తారు. కొడుకూ కోడలూ ఆఫీసులో. బయటి తిండి కారం, నూనె పడదు, వంటమనిషి చేసింది నచ్చదు, రెండింటికి వచ్చే పార్శిల్ వాళ్లకి అక్కర్లేదు. పప్పు, ఒక కూర, చారు, పెరుగు, ఉప్పూ కారం తగ్గించి, పన్నెండున్నరకల్లా స్టీలు క్యారియర్‌లో తలుపు దగ్గరికి రావాలి. ఇది ఒక్కటే చేయండి. డబ్బులు ఇచ్చేది అమెరికాలో ఉన్న కూతురో, పక్క గదిలో మీటింగులో ఉన్న కొడుకో, వాళ్లకి ధర కన్నా అమ్మ వేళకి తిన్నదా అన్నదే ముఖ్యం. నెలంతా కట్టించుకోవచ్చు, రోజూ ఎంతమందికి వండాలో ముందే తెలుస్తుంది, వృథా పోదు.

కెరీర్ కోచ్‌లకి ఒక్క మాట. "ఐటీలో జాబ్ ఇప్పిస్తా" అనే బోర్డులు ఇక్కడ ప్రతి మెయిన్ రోడ్డులో ఉన్నాయి. పిల్లలు పుట్టాక మూడు నాలుగేళ్లు మానేసి మళ్లీ టెస్టింగ్ ఉద్యోగానికి వెళ్దామనుకునే ఆడవాళ్లకి మాత్రమే అని మీరు చెప్పగలిగితే, ఆ గ్యాప్ గురించి ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలో నేర్పగలిగితే, మీ దగ్గరకి వచ్చేవాళ్లు ఫీజు దగ్గర బేరం ఆడరు.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. "మా నిష్ తెలుగువాళ్లు" అంటారు. అది నిష్ కాదండీ. ఈ ఊళ్లో మనవాళ్లు లేని వీధి లేదు, ఆంధ్రా మెస్ లేని ఏరియా లేదు. ఎలాంటి తెలుగువాళ్లు, వాళ్లకి ఏ ఇబ్బంది, అది ఎప్పుడు వస్తుంది, అక్కడిదాకా వెళ్లాలి.

మరి కస్టమర్లు తగ్గిపోరా అంటే, లెక్క వేసుకోండి. 2011 జనాభా లెక్కలప్పుడే ఈ ఊరు 80 లక్షలు దాటింది. ట్యూషన్ టీచర్‌కి కావలసింది ఇరవై ముప్ఫై మంది పిల్లలు, క్యారియర్ పంపేవాళ్లకి నలభై ఇళ్లు. ఊరందరూ మీకు అక్కర్లేదు. ట్రాఫిక్ సంగతి తెలుసుగా, వైట్‌ఫీల్డ్‌లో ఉండి జయనగర్‌లో క్లాసు ఒప్పుకుంటే రోజు దానికే పోతుంది. ఏరియా కూడా తేల్చుకోవాలి. మెట్రో పర్పుల్ లైన్ 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా నడుస్తోంది కదా, ఇళ్లకి వెళ్లి నేర్పేవాళ్లయితే ఆ స్టేషన్లకి నడిచి వెళ్లగలిగే ఇళ్లు మాత్రమే ఒప్పుకోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, మొదటి రోజే కూర్చుని నిష్ రాసుకోకండి. మొదటి కొన్ని నెలలు వచ్చిన పని చేయండి, డబ్బు అవసరం ఎవరికైనా ఉంటుంది. కానీ ఒక నోటుబుక్కులో రాసుకోండి, ఎవరు రెండోసారి వచ్చారు, ఎవరు ఇంకొకరిని పంపారు, ఎవరికి చేసేటప్పుడు మీకు పని తేలిగ్గా అనిపించింది. అదే పేరు, అదే రకం మనుషులు మళ్లీ మళ్లీ కనిపిస్తారు. మిగతావాళ్లు వస్తే కాదని పంపేయకుండా, ఆ పని బాగా చేసే ఇంకొకరి నంబరు ఇవ్వండి. కేకులు అడిగితే కేకులు చేసే అమ్మాయి నంబరు. ఆవిడ రేపు పెద్దవాళ్ల భోజనం అడిగిన ఇంటికి మీ నంబరు ఇస్తుంది. ఇలా నలుగురైదుగురు ఒకరికొకరు తోడుంటే ఆ ఏరియాలో మీకు ప్రకటనలు అక్కర్లేదు.

రెండు మూడు పనులు కలిపితే కాగితాల్లో కూడా చిక్కే. కర్ణాటకలో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి, సర్వీసులకైతే 20 లక్షలకే కావాలి. పచ్చళ్లు అమ్ముతూ పక్కన యోగా క్లాసు కూడా పెట్టారనుకోండి, ఆ 40 లక్షల వెసులుబాటు పోతుంది. 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి ఇక్కడి చిన్న కొట్లవాళ్లకి జీఎస్టీ నోటీసులు వచ్చినప్పుడు ఎంత గొడవ అయిందో పేపర్లలో చూసే ఉంటారు. వంట ఇంట్లో చేసినా సరే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోండి, చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి డబ్బులడిగే ఏజెంట్ల జోలికి పోకండి.

షాపు తీసుకుందామా అని ఇప్పుడే ఆలోచించకండి. ఇక్కడ పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగటం మామూలు, ఆ డబ్బు అలా ఇరుక్కుపోతుంది. నోటుబుక్కులో ఒకే రకం పేర్లు నిండి, ఇంట్లో చోటు చాలనప్పుడు చూద్దురుగాని. అప్పుడు బోర్డు రాయించేటప్పుడు కనీసం 60 శాతం కన్నడ ఉండాలి, 2024లో చట్టం సవరించారు, పెయింటర్‌కి ముందే చెప్పండి.